నేను పారేసిన బొమ్మలు

నేను ఒక కంప్యూటర్ని. పుట్టింది ఏ దేశంలోనో నాకే తెలియదు. ముక్కలు ముక్కలుగా ఓడెక్కి వచ్చి, విశాఖపట్నంలో ఒక కొట్లో ఒక్కటయ్యాను. మొదట రొయ్యల వ్యాపారి ఆఫీసులో ఉన్నాను. అక్కడ పొరపాటు ఎవరిదైనా "సిస్టమ్ స్లోగా ఉంది సార్" అని నా నెత్తినే రుద్దేవారు. నోరులేని వస్తువు ఒకటి గదిలో ఉంటే మనుషులకు ఎంత హాయో అప్పుడే తెలిసింది.

తర్వాత బొబ్బిలిలో ఫోటో స్టూడియో నడిపే ధర్మారావు నన్ను కొన్నాడు. నాచేత పెళ్లికూతుళ్లందరినీ తెల్లగా చేయించాడు. వయసు మీదపడి నేను ఈడుస్తుంటే, విండోస్ తీసేసి లినక్స్ ఎక్కించాడు. ఉచితం, పైగా తేలిక. నిజంగానే ప్రాణం లేచొచ్చింది. అయినా కొత్తది కొనగానే నన్ను వరసకు బావ అయిన ఆదెయ్య ఇంటికి పంపేశాడు. మనుషుల ప్రేమ అంతే!

ఆదెయ్య తప్పెటగుళ్ల గురువు. గుండ్రటి రేకు తప్పెటను గుండెకు కట్టుకుని, రెండు అరచేతులతో వాయిస్తూ గెంతే ఆట అది. జాతరలో అమ్మవారి ముందు మొదటి ఆట ఆయన బృందానిదే. ఆ ఆటకు ఆయువుపట్టు ఒక తిరుగుడు. గాలిలో గిర్రున తిరుగుతూనే దరువు తెగకుండా వాయించాలి. అది ఆయనొక్కడికే వచ్చు. వెనక ఆడేవాళ్లకు ఆయన వీపే తప్ప చేతులు కనబడేవి కావు. "నేర్పుతాన్లేరా, తొందరేటి?" అంటూ ఏళ్లు దొర్లించేశాడు.

ఒకసారి విశాఖ నుంచి ఎవరో పెద్ద కెమెరాతో వచ్చి, ఆయన ఆటను ఫోర్ కె వీడియో తీసి, కాపీ ఇచ్చి వెళ్లారు. ఆ వేసవిలోనే ఆదెయ్యకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. "ఆఁ, ఆఁ" తప్ప నోటివెంట ఇంకేమీ రాదు. ఇక ఆ తిరుగుడు మిగిలింది నా కడుపులోనే. దాన్ని చూసి నేర్చుకుంటానని ఆయన కూతురు గౌరి నడుం కట్టింది.

"ఆడగుంట గుండెకి తప్పెట కడతాదా?" అని ఊరు బుగ్గలు నొక్కుకుంది.

"కట్టకపోతే మా నాన్న ఆట నాన్నతోనే పోతాది. మీకు సమ్మతమేటి?" అంది గౌరి.

తీరా వీడియో వేస్తే నాకు ఊపిరాడలేదు. ఫోర్ కె అంటే మాటలా? రెప్పపాటులో పెద్ద పెద్ద బొమ్మలు వరసగా వచ్చి పడతాయి. ఒక్కొక్కటీ ఇంతలేసి మడతలు పెట్టి ఉంటుంది. మడత విప్పి తెరమీద పరచడమే నా పని. కొత్త కంప్యూటర్లలో అందుకోసం వేరే చిప్ ఉంటుంది. నాలో ఉన్న పాత చిప్‌కు ఈ కొత్తరకం మడతలు విప్పడం రాదు. బరువంతా ప్రాసెసర్ నెత్తిన పడింది. పాట ముందుకు పోతోంది, బొమ్మ నిలబడిపోతోంది.

దుమ్మన్నాడొకడు, విప్పి ఊదాడు. వైరసన్నాడొకడు. నెట్ లేక ఆగుతోందని ఇంకొకడు! వీడియో ఉన్నది నా దగ్గరే కదా మహాప్రభో! ఎవరో ముసలమ్మ మిరపకాయలతో దిష్టి కూడా తీసింది.

చివరికి ధర్మారావు వచ్చాడు. ప్లేయర్ మార్చాడు, డ్రైవర్ మార్చాడు, తెరమీది నీడలూ మెరుపులూ ఆపేశాడు. లాభం లేకపోయింది. ఆఖరున సెట్టింగుల్లో ఒకచోట టిక్కు పెట్టాడు. ఆలస్యమైన బొమ్మను చూపించకు, పారేయ్ అని దాని అర్థం. పారేయమన్నారు, పారేశాను.

పాటా బొమ్మా కలిసి నడిచాయి. "సూసినావా! దెబ్బకి దారికొచ్చింది" అన్నాడు ధర్మారావు మీసం దువ్వుతూ.

నిదానంగా ఆడేచోట పోయిన బొమ్మల జాడ తెలియలేదు. తిరుగుడు దగ్గరే వచ్చింది చిక్కు. ఆదెయ్య చేతులు తప్పెట మీదుంటాయి, మరుక్షణం నడుం దగ్గరుంటాయి, మళ్లీ తప్పెట మీదికొస్తాయి. మధ్యదంతా గల్లంతు. చూసేవాళ్లకు ఆయన అక్కడ దరువు ఆపి ఒక విరుపు విరిచినట్టుండేది. గౌరి ఆ విరుపే నేర్చుకుంది.

"సిన్నప్పుడు సూసినాను గదా మావా, నాన్న సేతులు ఆగినట్టు గేపకం లేదు" అంది ఒకసారి.

"నీ గేపకం కన్నా కెమెరా గట్టిది గదమ్మా. అది అబద్ధమాడతాదేటి?"

పాటలో దరువు తెగకుండా వినబడుతూనే ఉంది. అది వెనకవాళ్ల తప్పెటలదనుకున్నారు. కళ్లెదుట బొమ్మ ఆడుతుంటే మనుషులు చెవులను నమ్మరు.

ఆదెయ్య మంచంలోంచి అంతా చూస్తూనే ఉన్నాడు. విరుపు వచ్చిన ప్రతిసారీ ఎడమచేత్తో మంచంకోడు బాదేవాడు. "ఆఁ! ఆఁ!" అనేవాడు. "నాన్నకి నచ్చింది, మళ్లీ ఆడమంటన్నాడు" అని గౌరి అదే మళ్లీ ఆడేది. ఒకరోజు ఆయన తన గుండెమీదే దరువు వేసి చూపించాడు. రెండు చేతుల దరువు ఒక్క చేత్తో ఎలా పలుకుతుంది? గుండెనొప్పేమోనని ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లారు. నాకు కడుపు రగిలిపోయింది. రగిలితే ఏం లాభం, ఫ్యాను గట్టిగా తిరుగుతుంది, అంతే.

జాతరలో గౌరి ఆడింది. జనం ఈలలు వేశారట. కుర్చీలో కూర్చోబెట్టి తీసుకెళ్లిన ఆదెయ్య, ఆ విరుపు దగ్గర భోరుమన్నాడట. "కూతురు నిలబెట్టిందని మురిసిపోనాడు" అని చెప్పుకుంటూ ఇంటికొచ్చారు. వానలు పడేలోగా ఆయన పోయాడు.

పెద్దకర్మ నాడు పందిట్లో టీవీలో ఆయన ఆట వెయ్యాలనుకున్నారు. ఆ పెద్ద వీడియో టీవీకి మింగుడు పడలేదు. అందుకని ధర్మారావు నాచేత చిన్న కాపీ చేయించాడు. ఈసారి పాటతో సమానంగా పరుగెత్తమని తరిమేవాళ్లు లేరు. పగలంతా ఒక్కొక్క బొమ్మే విప్పి, చిన్నది చేసి, పేర్చాను. ఒక్కటీ పారేయలేదు. ఎలా వచ్చిందో చూద్దామని గౌరి నా ముందు కూర్చుని వేసింది.

తిరుగుడు వచ్చింది. ఆదెయ్య గాలిలో తిరిగాడు. చేతులు నడుం దాకా పోయి వస్తూనే ఉన్నా, దరువును వదలనే లేదు. నీళ్లలో చేప మళ్లినట్టు మళ్లి నేలమీద వాలాడు.

గౌరి వెనక్కి జరిపి మళ్లీ చూసింది. "మావా, ఇదేటి? విరుపేదీ?"

"అప్పుడు కొన్ని బొమ్మలు పోనాయేమోనమ్మా" అన్నాడు ధర్మారావు నేల చూపులు చూస్తూ.

"నాన్న మంచంకోడు కొట్టుకున్నాది తప్పు తప్పనీసి, మావా! నానేమో మెచ్చుకుంటన్నాడనుకున్నాను" అని ఆ పిల్ల తలబాదుకుని ఏడ్చింది.

బృందం వాళ్లు మాత్రం "జనానికి విరుపే నచ్చింది, ఉండనీ" అన్నారు. ఇప్పుడు దానికి ఆదెయ్య విరుపని పేరు కూడా వచ్చింది. పక్క ఊళ్లవాళ్లు వచ్చి నేర్చుకుపోతున్నారు.

నన్ను తప్పెటలు దాచే కొట్లో పెట్టారు. పొద్దున్నే గౌరి వచ్చి, తలుపు వేసుకుని, ఆ చిన్న వీడియో వేస్తుంది. తప్పెట కట్టుకుని తిరుగుతుంది. చేతులు ఇప్పుడు దరువు వదలడం లేదనే నాకనిపిస్తుంది. కానీ నా అభిప్రాయం ఎవరిక్కావాలి? ఆగి, ఒగరుస్తూ, తెర దగ్గరకొచ్చి "ఇదేనా నాన్నా?" అని అడుగుతుంది.

తెరమీద ఆదెయ్య తన ఆట ముగించి, కెమెరావాళ్లకు దండం పెట్టి, చెమట తుడుచుకుంటూ పక్కకు వెళ్లిపోతాడు.