ఎవరి కప్పు వాళ్లే

బర్నెట్ నది పొంగి బండబర్గ్ ఊళ్లో ఇళ్లు ముంచిన వరదకు మరుసటి ఏడు అది. చిలగడదుంపల షెడ్డు గోడ మీద నీటి గీత ఇంకా మాసిపోలేదు. గీతకు జానెడు పైన వరసగా పద్నాలుగు మేకులు, మేకుకొక కప్పు. టీ టైముకు అందరూ కప్పులు దించుకుని బల్లల దగ్గర కూర్చున్నారు. పేయ్‌షాన్ కూర్చోలేదు. తాగడం అయినవాళ్ల కప్పులు ఏరుకుని సింకు దగ్గరికి పోయింది.

ఆ రోజు ఆమెకు పరీక్ష. తైవాన్‌లో డిగ్రీ పట్టా చేతికొచ్చిన రెండో నెలలోనే, ఏడాదిపాటు తిరుగుతూ పని చేసుకోనిచ్చే వీసా మీద ఆస్ట్రేలియా వచ్చింది. మూడు వారాలు, పనులు కుదిర్చే హాస్టల్లో ఉండి జాబితాలో పేరు రాయించుకుని కూర్చుంది. నిన్న పిలుపొచ్చింది. ఒక్కరోజు చేయించి చూస్తారు. సాయంత్రం షెడ్డు పెద్ద లొరెయిన్ "రేపు రా" అంటే పని ఉన్నట్టు. అనకపోతే ఇంటికి పోవడమే.

ఇంటి దగ్గర వదిన యూచెన్‌కు పాప పుట్టి నాలుగు రోజులు. బాలింతకు నెలరోజులు ఎవరో ఒకరు వండిపెట్టాలి, నీళ్లు కాచాలి, బట్టలుతకాలి. అమ్మ నాలుగింటికే టిఫిన్ బండి దగ్గరికి పోతే మధ్యాహ్నానికి గాని రాదు. పాపను చూసుకోవాలని అన్న కువాన్‌టింగ్ సెలవు పెట్టాడు. చూసుకోవడమంటే చూడడమే. "వాడు మగాడు, వాడికేం తెలుస్తుంది? నువ్వొచ్చెయ్. దుంపలేరడానికి దేశం దాటాలా? మన చియాయి మార్కెట్లో లేవా దుంపలు?" అని నిన్న అమ్మ ఫోను.

అమ్మదే ఇంకో మాట కూడా ఉంది. కొత్తచోట ఆడపిల్ల కళ్లు పనిని వెతకాలి, ఎవరిచేతా నోరు తెరిచి అడిగించుకోకూడదు. చిన్నప్పటినుంచీ పేయ్‌షాన్ కళ్లు అదే చేశాయి. ఇక్కడా అవే కళ్లు. ఒక కప్పు లోపలంతా నల్లగా అట్ట కట్టి ఉంది. పాపం, ఎవరికీ తీరికలేదేమో అనుకుని ఉప్పు వేసి, పీచు పెట్టి, వేళ్లు నొప్పెట్టేదాకా రుద్దింది. తెల్లగా మెరిసింది. అది లొరెయిన్‌ది.

లొరెయిన్ కప్పు అందుకుని లోపలికి చూసింది.

"ఇరవై రెండేళ్ల టీ రంగు తల్లీ ఇది. రుచంతా దాన్లోనే ఉంది. వరద కూడా ముట్టలేదు దీన్ని."

"వరద చెయ్యలేని పని పిల్ల చేసింది!" అన్నాడు బండి మీద పెట్టెలు మోసే ముసలి డెస్. అందరూ ఘొల్లుమన్నారు.

పని పోయిందనుకుంది పేయ్‌షాన్.

"కడగమని ఎవరు చెప్పారు నీకు?" అంది లొరెయిన్.

"ఎవరూ చెప్పలేదండీ. మా ఇంట్లో అందరివీ నేనే కడుగుతాను."

"మరి నీది ఎవరు కడుగుతారు?"

పేయ్‌షాన్ ఇంకో కప్పు అందుకోబోయింది.

"కూర్చో. ఈ పావుగంట నీది. నాకివ్వకు, ఎవరికీ ఇవ్వకు. నీ చేతులెలాంటివో దుంపలేరే బెల్టు దగ్గర చూస్తాలే."

తిరిగి బెల్టు దగ్గర నిలబడితే దుంపలు కదిలిపోతున్నాయి, ఆ ప్రశ్న మాత్రం కదలలేదు. అన్న తిన్న గిన్నె బల్లమీదే వదిలి లేచిపోయేవాడు; ఆ గిన్నె దానంతటదే నడిచి సింకులోకి పోతుందని వాడికి నమ్మకమేమో. తప్పు వాడొక్కడిదే కాదు. వాడు ఒకసారి చెయ్యి పెట్టబోతే "ఉండు, చెల్లి ఉందిగా" అని లాగేసింది అమ్మే. ఆ అమ్మ గిన్నె కూడా ఎవరూ కడిగినట్టు గుర్తులేదు. పట్టా వచ్చిన రోజు బంధువులను పిలిచి విందు చేశారు. "కుటుంబానికి పేరు తెచ్చింది" అని బాబాయి గ్లాసెత్తినప్పుడు పేయ్‌షాన్ గదిలో లేదు. వంటింట్లో, తన విందు గిన్నెలు తనే తోముతోంది. ఆ రోజు ఏడుపు రాలేదు. ఇప్పుడు, ఎవరూ తిట్టనిచోట, వచ్చింది. దుంపల మట్టి చేతులతో తుడుచుకోలేక అలాగే వదిలేసింది. పుచ్చినవి ఇటు, మంచివి అటు. చేతులు తప్పు చెయ్యలేదు.

సాయంత్రం లొరెయిన్ సుత్తి తెచ్చింది. పద్నాలుగో మేకు పక్కన పదిహేనోది కొట్టింది.

"పొద్దున ఆరింటికి రా. నీ కప్పు నువ్వు తెచ్చుకో. నాది ముట్టావో, ఊరుకోను."

కృతజ్ఞత చెప్పబోతే ఇంగ్లీషు రాలేదు, సొంత భాషే వచ్చింది. లొరెయిన్‌కు అర్థమైంది. భుజం తట్టి పోయింది. షెడ్డులో ఇంకెవరూ లేకపోయాక పేయ్‌షాన్ ఆ మేకును వేలితో ముట్టి చూసింది. ఇన్నేళ్లలో తనకోసం ఎవరైనా గోడకు దిగగొట్టినది అదొక్కటే.

హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఇంటికి ఫోను చేసింది. "అమ్మా, పని దొరికింది."

"మరి మీ వదినో?"

అన్న ఫోను లాక్కున్నాడు. "చదువుకున్నదానివి, దుంపలేరుతావా? సొంత మనుషులకంటే అవే ఎక్కువయ్యాయా నీకు? ఇక్కడ ఇల్లెవరు చూస్తారు?"

పేయ్‌షాన్‌కు కోపం రాలేదు. అది ఆమెకే ఆశ్చర్యం. మెల్లగా అంది.

"అన్నా, పాప నాన్న ఇంట్లోనే ఉన్నాడుగా."

అవతల, వెనక ఎక్కడో వదిన నవ్వింది. కుట్లు లాగి "అబ్బా" అంది. మళ్లీ నవ్వింది.

మర్నాడు టీ టైములో పేయ్‌షాన్ ఇంటినుంచి తెచ్చుకున్న స్టీలు కప్పు పట్టుకుని, డెస్‌కూ లొరెయిన్‌కూ మధ్య కూర్చుంది. ఫోను మోగింది. అన్న.

"ఏయ్, మీ వదిన సూపుకు అల్లం తొక్క తియ్యాలా?" పొగకు దగ్గుతున్నాడు.

"తియ్యకు. ముదురల్లం తొక్కతోనే వెయ్యాలి. నువ్వులనూనె సన్నమంట మీద పెట్టు, మాడితే చేదు. ఉప్పు వెయ్యకు."

"ఒకసారి మాడిపోయిందే. ఇది రెండోది. అమ్మకు చెప్పకు."

తాగడం అయ్యాక తన కప్పు తను కడుక్కుని మేకుకు తగిలించింది. మధ్యాహ్నం ఫోను తెరిస్తే వదిన పంపిన ఫోటో ఉంది. సింకు ముందు అన్న వీపు. ఆ పొద్దున అతను వదిన తిన్న గిన్నె కడిగాడు. ఆ తర్వాత తనదీ.