కుడి రెక్క

మాస్టారి కళ్లు దెబ్బతింటున్నాయన్న సంగతి మొదట ఆయన శిష్యులే పట్టుకున్నారు. ఫిట్టర్ పని నేర్పే శిక్షణ కేంద్రంలో ఆయన పంతొమ్మిదేళ్లుగా పాఠం చెబుతున్నారు. ఇనుప ముక్కలో వెంట్రుకవాసి తేడా ఉన్నా నాలుగడుగుల దూరం నుంచే పసిగట్టే మనిషి, ఒకరోజు ఎవడో వంకరగా ఆకురాయి పట్టిన ముక్కను చేతిలోకి తీసుకుని "భేష్" అన్నారు. కుర్రాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ ముక్క చేసినవాడు కూడా నవ్వలేదు.

కంటి డాక్టరు నాన్చలేదు. కంటి వెనక పొర ఎండిపోతోందనీ, ముందు మధ్య చూపు పోతుందనీ, తర్వాత అంచులు తరుగుతాయనీ, దానికి మందు లేదనీ చెప్పేశాడు. మాస్టారి భార్య ఆ డాక్టరుండే ఆసుపత్రిలోనే మందుల కౌంటరు దగ్గర పనిచేస్తుంది. మందు లేదన్న మాట రోజూ కిటికీ అవతలి వాళ్లకు తను చెప్పేదే. తన చెవిన పడటం మాత్రం అదే మొదటిసారి.

"ఎన్నాళ్లండీ?" అని అడిగింది.

"ఏడాది. ఇంకా ముందే కావచ్చు."

వరండాలోకి వచ్చాక మాస్టారు ఆమె వైపు తల పక్కకు తిప్పి చూశారు. ఆయనకు అలా చూస్తేనే ఏదైనా కనబడుతోంది.

"ఏమోయ్, నీ ముఖం మీద మసిగుడ్డ కప్పినట్టుంది. చెవులు మాత్రం బ్రహ్మాండంగా కనిపిస్తున్నాయి."

"పెళ్లయిన ఇన్నేళ్లకు నా చెవుల్ని మెచ్చుకున్నారు, సంతోషం" అంది ఆమె. అని, ముక్కు తుడుచుకుంది.

కేంద్రంలో ఆయన్ను యంత్రాల గదిలోంచి తీసి హాజరు పుస్తకం దగ్గర కూర్చోబెట్టారు. నెల తిరిగేసరికి హాజరు గళ్లు కూడా కనబడటం మానేశాయి. సెలవు పెట్టమని మర్యాదగానే చెప్పారు.

ఆ సెలవులోనే ఒక సాయంత్రం ఇద్దరూ బల్లదీపం కోసం పాత సామాన్ల కొట్టుకు వెళ్లారు. కొట్టు యజమానిని అందరూ తుప్పన్న అంటారు. అతని అసలు పేరు అతని భార్యకైనా గుర్తుందో లేదో. మాస్టారి భార్య దీపాలు వెలిగించి చూస్తుండగా ఆయన అరలు తడుముతూ వెళ్లి ఒక మూల ఆగిపోయారు. ఆయన చెయ్యి నునుపైన రేకు చుట్టిన పొడవాటి పలక మీద పడింది. మెల్లగా దాని చివర దాకా తడిమారు.

"రెక్క" అన్నారు.

రిమోటుతో ఎగిరే బొమ్మ విమానం అది. రెక్కల బారు నాలుగడుగులుంటుంది. ఎవరో దాన్ని ముక్కు నేలకు కొట్టి, మళ్లీ మొహం చూడకుండా అమ్మేశారు. ముక్కు పగిలింది, ఫ్యాన్ విరిగింది, మోటారు కడ్డీ వంగింది, బ్యాటరీ ఉబ్బిపోయింది.

"అది బాగుపడే సరుకు కాదు మాస్టారూ" అన్నాడు తుప్పన్న. "ఇంకేదైనా చూసుకోండి."

మాస్టారు వదల్లేదు. పెళ్లికి ముందు ఆయన దగ్గర ఇలాంటిదే ఒకటి ఉండేది. ఆదివారాలన్నీ దానితోనే గడిపేవారు. ఆ సంగతి భార్యకు తెలుసు. అయినా ఇంటికొచ్చాక ఉండబట్టలేక అనేసింది.

"కళ్లు పోతుంటే విమానాలాటేంటండీ?"

"కళ్లు పోతున్నాయనేనోయ్. మనిషి ముఖం చూడాలంటే మధ్య చూపుండాలి. అక్షరం చదవాలన్నా అంతే. అవి నాకిక లేవు. ఖాళీ ఆకాశంలో కదిలేదాన్ని పట్టుకోడానికి అంచు చూపు చాలు. కాకి ఎగిరినా నాకు తెలుస్తోంది. అది కూడా పోయేలోపు ఒక్కసారి ఎగరేస్తాను."

ఆమె మర్నాడు కిటికీ పక్కనున్న భోజనాల బల్ల ఖాళీ చేసి పాత దుప్పటి పరిచింది. అప్పట్నుంచి ఇద్దరూ కంచాలు ఒళ్లో పెట్టుకునే తిన్నారు.

పని నత్తనడక నడిచింది. పగిలిన ముక్కును ఆయన వేళ్లతోనే అతికారు. చీలిక ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో గోటితో వెతికి, సన్నటి చెక్కముక్కలు పొదిగి, జిగురు ఆరిందో లేదో పెదవికి ఆనించి చూసుకునేవారు. వంగిన కడ్డీ తీసి కొత్తది వేయడానికి నాలుగు రోజులు పట్టింది. వైర్ల రంగులు ఆమె చెప్పేది. మోటారు మీది చీమతలకాయలంత అక్షరాలు ఆమె చదివేది. మందుల పట్టీల మీద గడువు తేదీలు చదివే కళ్లు ఆమెవి. ఇరవై ఏళ్లలో ఒక్క మాత్ర కూడా తప్పు ఇవ్వలేదని కౌంటరులో పేరు.

కొత్త బ్యాటరీ పెట్టి కొత్త ఫ్యాన్ బిగించిన రోజు ఆయన రిమోటు మీద విమానాన్ని నడిపే పుల్లను పొరపాటున మోచేత్తో తాకారు. ఫ్యాన్ గిర్రున తిరిగి చూపుడువేలు చీరేసింది. దుప్పటంతా రక్తం. ఆమె కట్టు కట్టింది.

"ఇదిగో వినండి. ఇక బ్యాటరీ పెట్టాక మీ చేతులు దాని దరిదాపులకు రాకూడదు. చూడాల్సింది నేను చూసి చెబుతాను. నా మీద ఒట్టు."

"ఫిట్టరుకు వేలు తెగడం పెద్ద వింతా?"

"మీకిప్పుడు వేళ్లే కళ్లండీ. అవి కూడా పోగొట్టుకుంటారా?"

ఆయన ఒట్టేశారు.

చివరికి ఒక్క భాగం మిగిలింది. రెక్కల వెనక అంచున, ఒక్కో వైపు ఒక్కో చిన్న పలక ఉంటుంది. విమానం కుడికి వాలాలంటే కుడి పలక పైకి లేచి ఎడమది కిందికి దిగాలి. ఆ రెంటినీ ఆడించేది రెక్క మధ్యలో ఉండే అగ్గిపెట్టెంత మోటారు. దాన్ని సర్వో అంటారు. పాత సర్వోలో పళ్లు అరిగిపోయాయి. అలాంటిదే దొరుకుతుందేమోనని రెండు నెలలు చూశారు. ఆ రెండు నెలల్లో మాస్టారి చూపు అంచులు కూడా లోపలికి జరిగాయి. గుమ్మాలు భుజానికి తగలసాగాయి. ఆఖరికి తుప్పన్న ఎక్కడో వెతికి వేరే కంపెనీ సర్వో ఒకటి తెచ్చిచ్చాడు. కొలతలు సరిపోయాయి. శనివారం మధ్యాహ్నం బిగించారు. ఆదివారం గాలి లేదు.

రెక్కను దుప్పట్లో చుట్టి బస్సెక్కారు. కండక్టరు చూశాడు.

"ఏంటి సార్ అది?"

"రెక్క" అన్నారు మాస్టారు.

"రెక్కలుండి కూడా బస్సెక్కారేంటి సార్!"

బస్సంతా నవ్వింది. మాస్టారు అందరికన్నా గట్టిగా నవ్వారు. ఆయన అలా నవ్వి చాలా రోజులైంది. ఆమె తల కిటికీ వైపు తిప్పుకుంది.

మూతపడ్డ గిడ్డంగి వెనక పెద్ద మైదానం ఉంది. లారీలు తిరిగిన సిమెంటు దారి ఒకటి ఇంకా చెక్కుచెదరకుండా ఉంది. అక్కడ విమానం బిగించి, బ్యాటరీ పెట్టి, ఆయన నాలుగడుగులు వెనక్కి జరిగారు. ఒట్టు ఒట్టే. ఆమె విమానం ముక్కుకు ఎదురుగా, కాస్త దూరంలో గొంతుక్కూర్చుంది.

"పుల్ల కుడికి తోస్తున్నా. కుడి రెక్క మీద పలక పైకి లేచిందా?"

ఆమె తన కుడిచేతి వైపున్న రెక్కను చూసింది. పలక లేచింది.

"లేచిందండీ."

"ఎడమది?"

"కిందికి దిగింది."

"బాగా చూశావా?"

"చూశానండీ. సరిగ్గానే ఉంది."

ఆయన ఊపిరి పీల్చుకుని, తల పక్కకు వంచి, పుల్ల ముందుకు తోశారు.

విమానం సిమెంటు మీద పరుగెత్తి లేచింది. అది లేచినట్టు ఆయనకు తెలిసింది. "కనిపిస్తోందోయ్! కనిపిస్తోంది!" అని అరిచారు. అంతలో ఎడమ రెక్క కొంచెం వాలింది. ఆయన కుడికి దిద్దారు. అది ఇంకా ఎడమకు వాలింది. ఇంకాస్త కుడికి తోశారు. అది పూర్తిగా పక్కకు తిరిగిపోయి, బోర్లాపడి, ముక్కుతో నేలలోకి దిగింది. లేచిన దగ్గర్నుంచి పడేదాకా గట్టిగా పది అంకెలు లెక్కపెట్టేంత సేపు లేదు.

ఆమె పరుగెత్తింది. ఆయన చప్పుడు వచ్చిన దిక్కున చేతులు చాపుకుని నడిచారు. ముక్కు మళ్లీ పోయింది. ఈసారి తోక కూడా విరిగింది. ఫ్యాన్ ముక్కలు గడ్డిలో చెదిరిపోయాయి. రెక్క మాత్రం చిత్రంగా ఒక్క చివర చితికి ఊరుకుంది.

"గాలి కొట్టిందా?" అడిగింది ఆమె.

ఆయన మోకాళ్ల మీద కూర్చుని రెక్క ఒళ్లోకి తీసుకున్నారు. బ్యాటరీలో ఇంకా ప్రాణం ఉంది. ఫ్యాన్ లేదు కనుక ఆమె వద్దనలేదు. ఒక చేత్తో పుల్ల కుడికి తోసి, రెండో చేతి వేళ్లు కుడి పలక మీద పెట్టారు. పలక వేళ్ల కిందనుంచి జారి కిందికి పోయింది. ఇంకోసారి తోశారు. మళ్లీ కిందికే. కొత్త సర్వో పాతదానికి వ్యతిరేక దిశలో తిరుగుతోంది. రిమోటు వెనకున్న చిన్న మీట ఒక్కటి మారిస్తే సరిపోయేది.

"గాలేనోయ్" అన్నారు. "పద, వెళదాం."

ఆమె కదల్లేదు. ఇప్పుడు ఆయన వెనక నిలబడి ఉంది. ఆయన వేళ్లను చూస్తోంది.

"ఇంకోసారి తోయండి."

"ఎందుకులే."

"తోయండి."

తోశారు. ఆమె చూసింది.

"కిందికి పోతోంది. ఇందాక నేను లేచిందన్నానే."  తన కుడిచేయి చూసుకుంది, రెక్క చూసింది. "ఎదురుగా కూర్చున్నాను. నేను చూసింది ఎడమ రెక్క."

ఆయన తల దించుకున్నారు.

"నేనే కూల్చేశానండీ."

"కాదు. పంతొమ్మిదేళ్లుగా పిల్లలకు మొదటి రోజు చెప్పే పాఠం ఒక్కటే. ఎటు నిలబడి చూస్తున్నావో ముందు చెప్పరా, తర్వాత కుడీ ఎడమా చెబుదువు గాని అని. నీకు చెప్పలేదు. తప్పు నాది."

"మీ చేత ఒట్టు వేయించకపోతే మీరే తడిమి చూసుకునేవారు."

 అది నిజం. ఎవరి మీదా నెట్టలేని నిజం. మైదానంలో ఎండ ముదిరేదాకా ఇద్దరూ ముక్కలు ఏరారు. తిరుగు బస్సులో కండక్టరు వేరేవాడు. ఎవరూ ఏమీ అడగలేదు.

ఆ తర్వాత ఆమె పట్టుదలకు పోయింది. కౌంటరు నుంచి వచ్చి చీరకొంగు బిగించి బల్ల దగ్గర కూర్చునేది. కొత్త ఫ్యాన్ తెచ్చింది. ముక్కు అతికింది. ఆమె చేతికి పని అలవాటు లేక జిగురు కారి రేకు మీద గడ్డలు కట్టింది. ఆయన పక్కనే కూర్చుని అడిగినదానికల్లా చెప్పేవారు, అడగనిది చెప్పేవారు కాదు. వానలు మొదలయ్యాయి. మైదానం బురదైంది. వానలు తగ్గేసరికి కిటికీ ఎటుందో ఎండ వేడిని బట్టి చెప్పే స్థితికి ఆయన వచ్చేశారు.

ఒక మధ్యాహ్నం ఆమె అంది, "తోక కూడా అయిపోయిందండీ. ఈ ఆదివారం వెళదామా? నేను ఎగరేస్తాను. మీరు చెబుతూ ఉండండి."

ఆయన విమానాన్ని ముక్కు నుంచి తోక దాకా తడిమారు. జిగురు గడ్డల మీద వేళ్లు ఆగాయి.

"బాగా చేశావు" అన్నారు. "కానీ ఇక నాకది చప్పుడేనోయ్. చప్పుడు వినడానికైతే మన సీలింగ్ ఫ్యాన్ చాలదూ?"

నవ్వించాలనే అన్నారు. ఆమె నవ్వలేదు, ఏడవలేదు. దుప్పటి దులిపి మడతపెట్టింది.

కౌంటరు దగ్గర ఆమె తీరు మారింది. పట్టీ చేతిలోకి తీసుకుని పేరు చదివి, తిప్పి మళ్లీ చదివి, పక్కనున్న అమ్మాయి చేత కూడా చదివించేది. వరసలో జనం గొణిగేవారు. "అక్కా, మీరు తప్పివ్వడమేంటి?" అని ఆ అమ్మాయి అంటే, "ఏమో, ఎటునుంచి చూస్తున్నానో" అనేది. ఆ మాట ఆ అమ్మాయికి అర్థమయ్యేది కాదు.

విమానాన్ని తుప్పన్నకే తిరిగిచ్చేశారు. అతను మోటారు విప్పి పక్కన పెట్టాడు. సర్వోను చెవి దగ్గర ఆడించి చూసి, "ఇది కొత్తదే, ఎవరికైనా పనికొస్తుంది" అన్నాడు. చెక్క భాగాల్ని ఏం చేయాలో తోచక మాస్టారి వైపు చూశాడు. మాస్టారు గోడ వైపు చూస్తున్నారు. గోడ అని ఆయనకు తెలియదు.

"మీ ఇష్టం తుప్పన్నా" అంది ఆమె. భర్త మోచెయ్యి పట్టుకుంది.

గుమ్మం దగ్గర, "మెట్లండీ" అంది.

"ఎన్ని?"

"మూడు."

ఆయన మూడూ లెక్కపెట్టుకుంటూ దిగారు. దిగాక కూడా నమ్మకం చాలక, నాలుగో దానికోసం కాలు చాపి వెతికారు.