గేటుకు స్టే, గోడకు రంగు

సుల్తాన్‌పూర్ సిరంజీల కంపెనీలో పొద్దుటి షిఫ్టు ముగించుకుని, రుద్రారం స్టేజీలో బస్సు దిగేసరికే వనజకు తన ఇంటి ముందు ఆగిన తెల్లకారు కనిపించింది. ఇల్లు హైవే పక్కనే. గోడ కింద ఎర్రరంగు డబ్బా, ఎత్తుపీట మీద పెయింటర్ సంగయ్య. "ఈ ఇల్లు" అని రాసి, తర్వాత రావాల్సిన "తాకట్టులో" అన్న మాటకు బొగ్గుతో గీత కొడుతున్నాడు. ఊరివాడే. వనజను చూసి చెయ్యి ఆపాడు గానీ పీట దిగలేదు. ఫైనాన్స్ వాళ్లిచ్చే ఎనిమిది వందల కూలీ గోడ పూర్తయితేనే వస్తుంది.

భర్త ఓదెలు గడప మీద తల వంచుకుని కూర్చున్నాడు. ఫైనాన్స్ ఆఫీసర్ జైపాల్ అతని ఒళ్లో ఒక కాయితం పెట్టి మెత్తగా మాట్లాడుతున్నాడు.

సంగతి ఆ వీధిలో అందరికీ తెలిసిందే. ఓదెలు పనిచేసిన పైపుల ఫ్యాక్టరీయే దగ్గరుండి కార్మికులకు ఇళ్ల అప్పులు ఇప్పించింది. నెలనెలా తొమ్మిది వేల కిస్తు జీతంలోనే కోసుకునేది. ఆఖరి ఏడు నెలలు కోసుకున్నదే గాని ఫైనాన్స్‌కు కట్టలేదు. ఆ మీదట ఫ్యాక్టరీ యజమాని శేటు హైదరాబాద్ ట్రిబ్యునల్‌కు పోయి దివాలా దరఖాస్తు పెట్టాడు. గేటుకు తాళం పడింది. తాళం పక్కన నోటీసు: బాకీల కోసం ఎవరూ ఈ ఆస్తి జోలికి రాకూడదని స్టే.

ఆ స్టే తమకూ వచ్చిందనుకున్నారు కార్మికులు. కంపెనీ ఇప్పించిన అప్పే కదా, కంపెనీకి ఆగితే తమకూ ఆగినట్టేనన్నది వాళ్ల లెక్క. తలా రెండు వందలు వేసుకుని, ట్రాలీ ఆటో మాట్లాడుకుని, ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవానమ్మకు కొబ్బరికాయలు కొట్టి వచ్చారు. అమ్మవారికి చీర పెట్టినవాడు ఓదెలే. తర్వాత ఫైనాన్స్ నోటీసులు వస్తే, స్టే ఉందిలే అని సజ్జ మీద పడేశారు.

జైపాల్ వనజకు మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. స్టే కంపెనీకి. ఇల్లు తాకట్టు పెట్టింది మీరు, సంతకాలు మీవి. జీతంలో పోయిన పైసల కోసం ట్రిబ్యునల్ పెట్టిన అధికారికి అర్జీ ఇచ్చుకోవాలి, ఆస్తులు అమ్మినప్పుడు వంతు వస్తే వస్తుంది. ఈలోపు ఇల్లు అప్పగిస్తామని ఇద్దరూ సంతకం పెడితే, గోడ మీద ఆ రెండు మాటలూ చెరిపించేస్తాడట. గుట్టుగా పోతుంది.

"పెట్టేద్దాం వనజా," అన్నాడు ఓదెలు. "గోడ మీద రాస్తే ఇజ్జత్ పోతది. రోడ్డు మీద పోయేటోళ్లందరు సదువుతరు."

వనజ భుజం మీది సంచీ కూడా దించలేదు. "గా శేటు గేటు మీద గిట్లనే రాసిన్రా సార్?"

"గేటు ముట్టొద్దమ్మా. దివాలా చట్టం కింద స్టే ఉన్నది."

"మాకు లేదా గా చట్టం?"

జైపాల్ నవ్వాడు. చెడ్డవాడేం కాదు. "అది కంపెనీలకమ్మా. మీ అసుంటోళ్లదాంక ఇంక రాలే."

"అంటే దివాలా తియ్యాలన్నా పెద్దోడే అయ్యుండాలె."

పీట మీద సంగయ్య కిసుక్కుమన్నాడు. జైపాల్ అటు చూసేసరికి అతను గోడవైపు తిరిగి దగ్గాడు.

ఓదెలు పెన్ను మూత తీశాడు. వనజ వంగి అతని ఒళ్లోంచి కాయితం అందుకుంది. చింపుతుందేమోనని జైపాల్ చెయ్యి చాపాడు. ఆ చేతిలోనే పెట్టింది.

"నేను పెట్ట. గుట్టుగ ఎందుకు పోవాలె? మేమేమన్న దొంగతనం చేసినమా?" ఓదెలు ఏదో అనబోతే జెర ఆగమంది. "సంగయ్య మామా, సగం రాసి ఇడువకు, పూరాగ రాయి. ఇల్లు తాకట్టుల ఉన్నదని రాయి. దాని కింద, మా కిస్తు కోసుకొని మింగింది కంపెనీ అని రాయి. శేటు పేరు గూడ రాయి."

"అట్ల రాసేది లేదు," అన్నాడు జైపాల్. "రంగు మాది, మనిషి మావోడు."

"గోడ నాది సార్. మీరు అమ్మేదాంక నాదే. రంగు పైసలు నేనిస్త."

పక్కింటామె గడపలోకి వచ్చి నిలబడింది. వాళ్లాయనదీ అదే ఫ్యాక్టరీ. తమ గోడకూ గట్లనే రాయమని అక్కడి నుంచే చెప్పింది.

జైపాల్ వంగి డబ్బా పట్టుకున్నాడు. కుంచె మాత్రం సంగయ్య చేతిలోనే ఉంది, రంగు కారుతూ. అతను ఆఫీసర్ని చూశాడు. ఎనిమిది వందలు తలచుకున్నాడు కాబోలు. పటాన్‌చెరు నుంచి వచ్చిన బస్సు స్టేజీలో ఆగింది. కిటికీల్లోంచి తలలు ఇటు తిరిగాయి.

"ఎంత పెద్దగ రాయాలె బిడ్డా?" అని అడిగాడు సంగయ్య.