మగ్గాలాపిన వీధి

బర్మా యుద్ధం నుంచి ధనంజయ తిరిగొచ్చినప్పుడు నగరిలోని నేతగాళ్ల వీధంతా స్టేషనుకు పోయి మేళంతో తోడుకొచ్చింది. కాళ్లూ చేతులూ సవ్యంగానే ఉన్నాయి. కాస్త చిక్కాడంతే, ఇంటి కూడు పడితే తేరుకుంటాడులే అనుకుంది భార్య చెంగమ్మ.

మర్నాడు పొద్దున ఎదురింట్లో మగ్గం మొదలయింది. నూలు పోగుల మధ్య నాడె దడదడా అటూ ఇటూ కొట్టుకునే చప్పుడు వినపడగానే ధనంజయ చేతిలోని గిన్నె వదిలేసి నేలకు కరుచుకుపోయాడు. లేపబోయిన చెంగమ్మను కూడా కిందికి లాగి, ఆమె తల మీద చెయ్యి అదిమిపెట్టాడు.

"తలెత్తొద్దు" అన్నాడు.

పుట్టిందీ పెరిగిందీ ఆ చప్పుడులోనే. ఇప్పుడు వీధిలో ఒక్కో మగ్గం అందుకునే కొద్దీ ఆయన వణుకు ఎక్కువైంది. చిత్తూరు తీసుకుపోతే డాక్టరు ఒళ్లంతా చూసి, గాయమేమీ లేదు, బాగా నిద్రపోనివ్వండి అని పంపేశాడు.

ధనంజయ చిన్నాయన మునెయ్య ఆ వీధికి పెద్ద. అందర్నీ కూర్చోబెట్టి మాట్లాడాడు. నూలు దొరక్క వీధంతా పస్తులున్నప్పుడే ధనంజయ పటాలంలో చేరాడు. అక్కడి నుంచి పంపిన డబ్బులో ప్రతి ఇంటికీ ఏదో ఒకటి అందింది. అది ఎవరూ మరిచిపోలేదు. పొద్దున పూట ఇద్దరు మగవాళ్లు ఆయన్ను కొండవైపు తీసుకుపోవాలని, ఆ కాసేపే మగ్గాలు ఆడించాలని, ఆయన ఇల్లు చేరగానే ఆపెయ్యాలని అనుకున్నారు. అట్లాగే చేశారు. మధ్యాహ్నాలు వీధి ఊపిరి బిగబట్టినట్టు ఉండేది. ధనంజయ నిద్రపోయేవాడు. ఒకరోజు తనంతట తానే రాగిసంగటి అడిగి తిన్నాడు.

దీపావళి దగ్గర పడింది. షావుకారు నూలు ఇచ్చి, పండగలోగా చీరలు అందకపోతే ఇకమీదట నూలు ఇంకో ఊరికి ఇచ్చుకుంటానని చెప్పిపోయాడు. ఆ సంగతి చెంగమ్మకు ఎవరూ చెప్పలేదు. ఎదురింటి నాగరత్నమ్మ గంజిలో నీళ్లు కలిపి పిల్లలకు పోస్తుండగా చెంగమ్మ చూసింది. ఆ ఇంటి నుంచి తమకు గిన్నెడు అన్నం వస్తూనే ఉంది. ఆ పూట వచ్చిన అన్నం ముట్టకుండా లేచి మునెయ్య ఇంటికి పోయింది.

"మామా, రేపట్నుంచి దినమంతా నేయండి."

"వాడేమైపోతాడమ్మా?"

"తెలీదు మామా. బిడ్డల కడుపులు మాడ్సలేను నేను."

మగవాళ్లంతా చేరి ఊరికి దూరంగా, మునెయ్య బావమరిది చేనులో తాటాకు గుడిసె వేసిచ్చారు. అక్కడికి మగ్గం చప్పుడు రాదు. చెంగమ్మ వీధికి వచ్చి నూలు కండెలు చుడుతుంటే ఆడవాళ్లు వంతులేసుకుని గుడిసె దగ్గర కాపలా కూర్చునేవాళ్లు. పని ముమ్మరమయ్యాక ఒకరి వంతు తప్పింది, ఆ తర్వాత ఇంకొకరిది. చెంగమ్మ ఎవరినీ తప్పుపట్టలేదు. పట్టడానికి ఆమెకు మనసొప్పలేదు.

ఒక మధ్యాహ్నం ఆమె తిరిగొచ్చేసరికి గుడిసె ఖాళీగా ఉంది. కేకలేస్తూ చేనంతా వెతికింది. చేను గట్టు అవతల ఎండిన కాలువలో కనపడ్డాడు. చేతులతోనే మట్టి తోడి, ఆ గుంతలో బోర్లా పడుకుని ఉన్నాడు. గోళ్లు చీరుకుపోయి నెత్తురు కారుతోంది. చుట్టూ ఎక్కడా ఏ చప్పుడూ లేదు.

చెంగమ్మ గట్టు మీది నుంచే కేక పెట్టింది. మగ్గాల మోత తప్పితే చాలు, మనిషి దక్కుతాడని ఇన్నాళ్లూ నమ్మింది. వీధంతా నమ్మింది.

ఆమె కేక విని పక్క చేనులో ఉన్న మనిషి పరిగెత్తుకెళ్లి మునెయ్యను పిలుచుకొచ్చాడు. మునెయ్య గట్టు మీద నిలబడి కాలువలోకి చూశాడు.

"ఈడ మగ్గం గూడా లేదు గదమ్మా" అన్నాడు.

"లేదు మామా."

"ఇంకేం సేసేది మనం?"

మునెయ్య పైపంచె గట్టు మీద పెట్టి, మెల్లగా కాలువలోకి దిగి, అన్న కొడుకు పక్కన మట్టిలో కూర్చున్నాడు. ధనంజయ చెయ్యి చాపి ఆయన తలను కిందికి అదిమాడు. మునెయ్య తల వంచుకుని అట్లాగే ఉండిపోయాడు. చెంగమ్మ కూడా దిగి, భర్త వేళ్లకంటిన మట్టిని కొంగుతో తుడవసాగింది.