పెరటి దీపాల పందెం

మా అక్క బట్టలు కుడుతుంది. ఒకసారి ఆమె చేత కుట్టించుకున్నవాళ్ళు ఇంకొకరి దగ్గరికి వెళ్ళరు. వెళ్ళినా, మొహం చిన్నబుచ్చుకుని తిరిగొస్తారు. అలాంటి అక్క ఇంట్లో పోయిన నెల దొంగ పడ్డాడు. పెరటి వసారాలో ఉన్న కుట్టుమిషను ఎత్తుకుపోయాడు. అంత బరువు మోయగలిగినవాడు ఏదో ఒక పని చేసుకుని బతకొచ్చు కదా అని నాకు ఒళ్ళు మండింది. అక్క మాత్రం మర్నాడే ఒక పాత మిషను తెచ్చుకుని, ఇవ్వాల్సిన బట్టలన్నీ చెప్పిన రోజుకే ఇచ్చింది.

అసలు గొడవ మా అన్న మొదలుపెట్టాడు. అక్క తరవాతివాడు, నాకంటే పెద్దవాడు. వదిన పోయాక మూడో అంతస్తు ఇంట్లో ఒక్కడే ఉంటున్నాడు.

"ఇల్లు అద్దెకిచ్చేసి నా దగ్గరికి వచ్చెయ్ అక్కా. ఒక్కదానివి ఇక్కడెందుకు?" అని పట్టుబట్టాడు.

పట్టు విడవకపోవడంలో మా ఇంట్లో ఎవరూ ఎవరికీ తీసిపోరు. అక్క ఆ ఇంటిని సూదితో సంపాదించుకుంది. అది వదిలితే గుమ్మంలోకి వచ్చే జనం పోతారు, పని పోతుంది. అన్న రోజూ ఫోనులో పోరుతుంటే ఆఖరికి విసిగిపోయింది.

"పెరట్లో దీపాలు పెట్టిస్తాన్రా. చీకటి పడ్డాక నువ్వే దొంగలా రా. నాకు కనబడకుండా వచ్చి పెరటి తలుపు తట్టావంటే, నోరు మూసుకుని నీ వెంట వస్తా. కనబడ్డావంటే నేను చెప్పినట్టు నువ్వు వినాలి" అంది.

మా అన్న చేతికి ఎముక లేదు. పందెం తనతోనే అయినా మొదటి దీపం తనే కొనుక్కొచ్చాడు. కొట్లో అంతకంటే పెద్దది లేదట. కరెంటు పని చేసే అతను దాన్ని పెరటి ప్రహరీ మీద, ఇంటివైపు తిప్పి బిగించాడు. స్విచ్చి వేస్తే పెరడంతా పట్టపగలైపోయింది. పక్కింటావిడ తొంగిచూసి, "మా కోడలు ఆ వెలుతురులో బియ్యం ఏరుకుంటోంది. కరెంటు బిల్లు మీరే కడతారుగా?" అంది.

"ముందు నువ్వు నడిచి చూపించవే" అంది అక్క నాతో.

నేను పక్క గేటులోంచి వచ్చి, ఆ దీపం కిందనుంచే తిన్నగా నడిచి తలుపు తట్టాను. వంటింటి కిటికీ దగ్గర కూర్చున్న అక్క ఉలిక్కిపడింది. దీపం సూటిగా కళ్ళలో కొడుతుంటే దాని కింద ఎవరు నడుస్తున్నారో ఆమెకి తెలియనే లేదు.

"ఇక పెట్టె సర్దుకో" అన్నాడు అన్న.

"ఇది పందెం కాదురా, కొలతలు చూసుకోవడం. కొలత చూడకుండా నేను కత్తెర పెట్టను" అంది అక్క.

మర్నాడు ఆ దీపం వెనక్కి ఇవ్వడానికి అక్క వెంట నేనూ కొట్టుకి వెళ్ళాను.

"వెలుతురు ఎంత ఎక్కువుంటే అంత మంచిది కదమ్మా" అన్నాడు కొట్టాయన.

"నల్లగుడ్డ మీద నల్లదారంతో కుట్టేటప్పుడు దీపం కళ్ళకెదురుగా పెట్టుకోను బాబూ. పక్కనుంచి పడితేనే ప్రతి కుట్టూ తేలుతుంది. నాకు దొంగ మొహం ఆనవాలు తెలియాలి."

ఆ తరవాత కొట్టాయన్ని వెనక గోడౌన్లో నిలబెట్టి, ఒక్కో దీపం వెలిగించి, "నడవండి, ఇటు తిరగండి, చెయ్యెత్తండి" అంటూ కొత్త చొక్కా వేయించి చూసినట్టు చూసింది. పాపం ఆయన మొదట్లో విసుక్కున్నాడు. కాసేపటికి ఆయనకే సరదా పుట్టి, దొంగలా వంగి కూడా నడిచాడు. ఏ కాలేజీలోనూ నేర్పని ఆ ఓపిక చూస్తుంటే, ఈమె నా తోడబుట్టిందని నాకు గర్వంగా అనిపించింది. చివరికి మనిషి కదిలితే వెలిగేవి, మధ్యరకానివి రెండు తీసుకుంది. ఇంటి చూరు కింద రెండు మూలలా, నేలవైపు వంచి పెట్టించింది.

పందెం రోజు చీకటి పడ్డాక మేమిద్దరం వంటింట్లో కూర్చున్నాం. కాసేపటికి పెరట్లో దీపాలు వెలిగాయి. అన్న. తెల్లబోయి ఒక్క క్షణం ఆగాడు. ఇక ఎలాగూ దొరికిపోయానని మెల్లగా తలుపువైపు నడిచాడు. నేను చప్పట్లు కొట్టబోతే అక్క నా చెయ్యి పట్టుకుంది. ఆమె వాడి మొహం చూడటం లేదు. కాళ్ళు చూస్తోంది.

తలుపు తీసి, "మోకాలు ఎప్పటినుంచి?" అని అడిగింది.

అన్న గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"ఎడంకాలు ఈడుస్తున్నావు. ఎప్పటినుంచిరా?"

"రెండు నెలలైంది. మెట్లు దిగితే మళ్ళీ ఎక్కలేకపోతున్నా. మొన్న స్నానాలగదిలో పడిపోతే లేవడానికి చాలాసేపు పట్టింది." గొంతు తగ్గించాడు. "ఒక్కణ్ణే ఉండాలంటే భయమేస్తోంది అక్కా."

నేను వారం వారం వాడింటికి వెళ్తాను. వాడు కుర్చీలో కూర్చునే నన్ను పలకరించి, కూర్చునే సాగనంపుతుంటే బద్ధకం అనుకున్నాను.

"ఆ మాట చెప్పకుండా నాకు దొంగని చూపిస్తావేంట్రా" అంది అక్క. కోపంగానే అంది, కానీ కళ్ళు నిండాయి. "పందెం నేను గెలిచాను కాబట్టి నేను చెప్పినట్టు వినాలి. ఈ ఇంటికి మెట్లు లేవు. రేపు నీ మంచం ఇక్కడికి తెప్పిస్తున్నా."

అన్న తల వంచుకుని, అక్క భుజం మీద చెయ్యి ఆనించి గడప దాటాడు.