తలుపు తీయకముందే

బీరువాలో వేలాడే బట్టల కింద మోకాళ్ళు గడ్డానికి ఆనించి కూర్చుని, ఆయన తలుపు సందులోంచి గదిని చూస్తున్నాడు. మంచం కోడు, కుర్చీ కాళ్ళు, నేల మీద ఎండ చార. ఇక్కడ దాక్కున్నవాడికి గదిలోకి వచ్చినవాళ్ళ మొహం కనిపించదు, చెప్పులు మాత్రమే కనిపిస్తాయి. ఈ సంగతి ఆయనకు భలే నచ్చింది. ఇంతలో భార్య తువ్వాలు కోసం వచ్చి తలుపు బార్లా తీసింది.

"దిగండి బయటికి. ఇస్త్రీ బట్టలన్నీ నలిపేశారు. నడుం పట్టేస్తే మళ్ళీ నేనే కదా మందు రాయాల్సింది?"

"ఉండు. గుమ్మంలోంచి చూస్తే నా కాళ్ళు కనిపించాయా?"

"కాళ్ళేమో గానీ, పొట్ట మాత్రం కనిపించింది."

బొద్దుగా, పొట్టిగా, కుడిచేతి నడిమి వేలు కలం రాసుకుని కాయకాసిన మనిషి. వీధిలో అందరూ మర్డర్ మాస్టారు అంటారు. చీమను తొక్కినా వెనక్కి తిరిగి చూసుకునే మనిషికి ఆ పేరు అంటుకోవడానికి కారణం, వారపత్రికలో ఆయన రాసే అపరాధ పరిశోధన సీరియళ్ళు. మందుల షాపాయన ఆయన్ని చూడగానే "ఈసారి ఎవరికండీ విషం?" అని పలకరిస్తాడు. తాళాలు బాగుచేసేవాడు పని ఆపి మరీ సందేహాలు తీరుస్తాడు. ప్లంబరు మాత్రం, నీళ్ళ ట్యాంకులో మనిషి పడతాడా అని ఈయన అడిగిన నాటి నుంచి ఆ గుమ్మం తొక్కడం మానేశాడు.

ఆయన పద్ధతే వేరు. హంతకుడెవరో తనకే తెలియకుండా రాస్తాడు. నలుగురైదుగురి మీద సమానంగా అనుమానం చల్లుకుంటూ పోయి, కథ సగం దాటాక అక్క దగ్గరికి వెళ్తాడు. అక్క టెలిఫోన్ ఎక్స్చేంజిలో పనిచేసి రిటైరైంది. ఇతరుల మాటలు వినకూడదన్న నిబంధనను ఉద్యోగం చేసినంత కాలం మనస్ఫూర్తిగా అతిక్రమించింది. హంతకుడు ఫలానా అని ఆవిడ ఒక పేరు చెబుతుంది. ఆ ఒక్కరినీ వదిలేసి, మిగిలినవాళ్ళలోంచి ఆయన హంతకుణ్ణి ఏరుకుంటాడు. అందుకే అక్క ఏనాడూ గెలవలేదు. ఆ రహస్యం ఆవిడకు ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు అక్క ఆస్పత్రిలో ఉంది. ఇవాళో రేపో అన్నట్టుగా ఉందని నిన్ననే చెప్పారు. గడియారాల వ్యాపారి హత్యకేసు సీరియల్ కూడా ఆఖరి భాగానికి వచ్చింది. ఈసారి అక్క చెప్పిన పేరు, కథలోని కుటుంబ వైద్యుడిది. కథ చప్పబడినా సరే, ఒక్కసారి అక్కను గెలిపించి పంపాలని ఆయన గట్టిగా అనుకున్నాడు. ఆ మాట చెబుదామనే పొద్దున్నే ఆస్పత్రికి బయల్దేరాడు.

అక్క చిక్కి సగమైంది. ముక్కుకు గొట్టం, మణికట్టుకు ప్లాస్టరు. కళ్ళు మాత్రం వార్డులో ఎవరెవరు ఏం మాట్లాడుకుంటున్నారో గమనిస్తూనే ఉన్నాయి.

"అక్కా, నువ్వే గెలిచావ్. డాక్టరే చంపాడు."

ఆవిడ మొహం విప్పారుతుందనుకున్నాడు. కానీ ముడుచుకుపోయింది.

"డాక్టరా? నీ మొహం! ఆ పక్క మంచం ఆవిడ కూడా డాక్టరనే చెప్పేసింది కదరా."

"మరి నువ్వే కదా అన్నావ్?"

"నువ్వు వదిలేస్తావని అన్నాను. అందరూ అనుకునేవాడి పేరు నేను ముందే చెప్పేస్తే, వాణ్ణి పక్కనపెట్టి బుర్ర బద్దలు కొట్టుకుంటావు. అలా అయితేగానీ నీకు మంచి హంతకుడు దొరకడు."

"ఎప్పట్నుంచి ఇలా?"

"నీ మొదటి సీరియల్ నుంచీ."

జీవితమంతా అక్కను బురిడీ కొట్టిస్తున్నానని మురిసిపోయిన మనిషి, సిగ్గుతో, నవ్వుతో చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"పోనీ, నిజంగా ఎవర్రా?" అక్క గొంతు తగ్గించి అడిగింది.

"ఏమో అక్కా. నిజంగా తెలీదు."

"నాకూ తెలీదు." ఆవిడ కళ్ళు మెరిశాయి. "అయితే బాగుంది. ఇంటికెళ్ళి కనుక్కో. సాయంత్రం వచ్చి చెప్పు. తెలుసుకోకుండా మాత్రం నేను పోను, ఫో!"

ఇంటికొచ్చి పాత సంచికలన్నీ నేల మీద పరిచి మొదటి నుంచీ చదివాడు. వ్యాపారి కొడుకు కాడు. గుమాస్తా కాడు. మళ్ళీ మొదటి భాగానికి వస్తే ఓ చోట కళ్ళు ఆగిపోయాయి. వంటావిడ కాఫీ తెచ్చింది, కెవ్వున కేక వేసింది, తలుపు తీసింది, లోపల శవం. ప్రెస్సుకు పంపే హడావుడిలో వాక్యాలు ముందువెనకలయ్యాయి. ఎడిటరు పట్టుకోలేదు, పాఠకులు పట్టుకోలేదు. ఇంత తప్పు ఎలా రాశానా అని తల కొట్టుకున్నాడు. కొట్టుకున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది.

తలుపు తీయకముందే కేక వేసిందంటే, లోపల ఏముందో ఆమెకు ముందే తెలుసు!

పిల్లాడిలా గంతేసి, భార్య చేతిలో గరిటె లాక్కుని పక్కన పెట్టాడు.

"దొరికేసింది! హంతకురాలు!"

"ఎవరండీ?"

"ముందు అక్కకి."

"సర్లెండి, వదిన తర్వాతే కదా ఎప్పుడూ నేను," అందామె, కోపం లేకుండా. "ఆ చొక్కా అయినా మార్చుకుని వెళ్ళండి."

భోజనం మాట మరిచి ఆఖరి భాగం రాసేశాడు. పొద్దు వాలుతుండగా బస్సెక్కాడు. ఏది ముందు చెప్పాలి? కేక గురించా, తలుపు గురించా? అక్క మధ్యలో ఆపి ఏమడుగుతుంది? దారి పొడుగునా అదే ఆలోచన. ఎదురు సీటులో ఒకాయన ఈయన పెదాల కదలిక చూసి జాలిపడ్డాడు.

వార్డులో అక్క మంచం ఖాళీగా ఉంది. నర్సు ఎదురొచ్చింది.

"ఇంటికి ఫోన్ చేశామండీ. అప్పటికే మీరు బయల్దేరారట. ఇప్పుడే కింద గదికి తీసుకెళ్ళారు."

ఆయన కాగితాలు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.

"బాధపడలేదండీ. పడుకోండమ్మా అంటే వినలేదు. మా తమ్ముడు కథ చెప్పడానికొస్తున్నాడు, లేచి కూర్చుని వినాలి అన్నారు. నేనే ఇంకో దిండు తెచ్చి వేశాను. పక్కావిడకి ఇంజెక్షన్ చేసి తిరిగి చూసేసరికి..."

ఏడుపు ముంచుకొచ్చింది. ఎవరున్నారని చూసుకోకుండా ఏడ్చాడు. తర్వాత మంచం మీదికి వంగి, "వంటావిడ అక్కా," అని మెల్లగా చెప్పాడు.

తలవైపు ఊచలకు చేర్చి నిలబెట్టిన రెండు దిండ్లు, మధ్యలో ఆవిడ వీపు ఆనిన గుంటతో, ఇంకా గుమ్మానికి ఎదురుగా ఉన్నాయి.