మొదట్లో వెయ్యని గుర్తు

మా ఆయన చొక్కాకి అంటిన ఎర్ర రంగు ఎంత రుద్దినా పోవడం లేదు. నిన్నంతా కలప కాంట్రాక్టరుతో కలిసి తోపులో కొట్టాల్సిన చెట్లకి గుర్తులు వేసి వచ్చారు. తోపు మా అమ్మ నా పేర రాసింది. ఏ చెట్లు కొడతారో మాత్రం నాకెవరూ చెప్పలేదు. రేపు పొద్దున రంపాలు వచ్చాక సంతకం పెడితే చాలట.

"గుర్తు ఎక్కడ వేశారండీ?"

"ఛాతీ ఎత్తున. కనబడాలిగా."

"కింద చెట్టు మొదట్లో కూడా వెయ్యాలి కదా?"

పైన వేసిన గుర్తు దుంగతో పాటు లారీ ఎక్కి పోతుంది. మిగిలేది మోడు. దాని మీద రంగు లేకపోతే, ఒప్పుకున్న చెట్టే కొట్టారో, వేరేది కొట్టారో తర్వాత ఎవరూ తేల్చలేరు. అందుకే అమ్మ రెండు చోట్లా వేసేది. చెప్తుంటే ఆయన నవ్వారు. "గరిటె తిప్పే చేతికి రంపం సంగతులెందుకు?" కూర తరుగుతున్న అత్తయ్య తలెత్తకుండానే అందుకుంది. "మగవాళ్ళు మాటనుకున్నాక మధ్యలో మనం దూరకూడదమ్మా."

చొక్కా పిండాను. తోపులోనే, ఇంటి వెనక కొండ ఏటవాలు మీద లావుపాటి చెట్ల వరస ఒకటుంది. మట్టిని పట్టి నిలిపేది అదే. దాని జోలికి పోనని ఆయన నాకు మాటిచ్చారు. కానీ మొన్న కాంట్రాక్టరు కాఫీ తాగుతున్నంతసేపూ ఆ వరసనే చూశాడు. అది పోతే గట్టి వానకి మట్టంతా వెనక గది మీదకే వస్తుంది. ఆ గదిలో నా కూతురు పడుకుంటుంది. ఇంత తెలిసీ, నిజం చెప్పొద్దూ, నాకు ఆ కొండ కన్నా ఆయన నవ్వంటేనే ఎక్కువ భయం. ఆయన కొట్టే మనిషి కాదు, తిట్టే మనిషీ కాదు. నవ్వుతారు, అంతే. ఆ నవ్వుకి జడిసే ఇన్నేళ్ళూ కూరలో ఉప్పు గురించి తప్ప దేని గురించీ గట్టిగా మాట్లాడలేదు.

మర్నాడు తెల్లారగానే వంట సగంలో ఆపి, మిగిలిన రంగు డబ్బాతో తోపులోకి వెళ్ళాను. రంగు సగం నా బట్టల మీదే పడింది. గుర్తున్న ప్రతి చెట్టుకీ వంగి మొదట్లో ఇంకో గుర్తు వేసుకుంటూ ఏటవాలు దాకా వచ్చాను. ఆ వరసలో నాలుగు చెట్లకి ఛాతీ ఎత్తున ఎర్ర గుర్తుంది. నేను కాంట్రాక్టరుని అనుమానిస్తూ కూర్చున్నాను. గుర్తు వేసింది నేను ఉతికిన చొక్కా తొడుక్కున్న మనిషే.

అంతలో ఆయన వెనకే కాంట్రాక్టరు, కూలీలు రంపాలు పట్టుకుని వచ్చారు.

"ఈ నాలుగూ ఎందుకండీ?"

"నాలుగేగా, ఏం కాదులే. సంతకం పెట్టి లోపలికి వెళ్ళు." మళ్ళీ అదే నవ్వు.

చెట్టుని పట్టుకుని నిలబడ్డాను.

"ఏం కాదంటున్నారుగా. అయితే మీ మంచం, అత్తయ్య మంచం వెనక గదిలో వేయించండి. ఈ వానాకాలమంతా మీరిద్దరూ అక్కడ పడుకోండి. పిల్ల నా దగ్గర పడుకుంటుంది. మంచాలు వేశాక సంతకం పెడతాను."

కాంట్రాక్టరు రంపం కింద పెట్టాడు. ఆయన ఒకసారి ఏటవాలు పైకి చూశారు, ఒకసారి వెనక గది వైపు చూశారు. నవ్వలేదు.